ఆళ్లగడ్డలో ఆఫ్‌లైన్

దెబ్బ వెనక నుంచి పడింది.

నల్లమలలో చెంచుగూడెం దాటి లోపలికి పోతే ఒక చిన్న రాతి గుడి ఉంది. దాని ముందు దీపం వెలిగిస్తున్న పూజారి బయ్యన్న ‘అమ్మా’ అనడానికైనా వ్యవధి లేకుండా బోర్లా పడ్డాడు. తెలివి వచ్చి చూసేసరికి గుడి ఉంది, దీపం ఉంది, అమ్మవారు లేదు. పీఠం మీద గడ్డపార గీతలున్నాయి.

నంద్యాల ఆసుపత్రిలో తలకు కట్టుతో పడుకుని, పలకరించడానికి వచ్చిన ప్రతివాడినీ అతను ఒకటే అడిగాడు. “అమ్మ యాడుందో చెప్పండప్పా. కాయాల్సినోన్ని నేనే గదా, నేనే పోగొట్టుకుంటి.”

మంచం పక్కన నిలబడి ఆ మాట విన్నవాడు అజయ్ కుమార్. సీక్రెట్ ఏజెంట్ నంబర్ నైన్. ‘తెచ్చిస్తా బయ్యన్నా’ అని మాట ఇచ్చేశాడు. డిపార్ట్‌మెంట్ రూల్ బుక్ ప్రకారం ఏజెంట్ ఎవరికీ మాట ఇవ్వకూడదు. మొదటి తప్పు అక్కడే జరిగింది.

ఆ మధ్యాహ్నమే రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో బ్రీఫింగ్. చీఫ్ విత్తనాల కంపెనీ సేల్స్‌మ్యాన్ వేషంలో ఉన్నాడు. మంచం నిండా వడ్ల శాంపిల్ ప్యాకెట్లు పరిచాడు. 2009 మే నెల. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి సంగతి మాత్రం తనను అడగొద్దంటోంది.

“టార్గెట్ పేరు ఆర్కిడ్. సింగపూర్ ముఠా. పాత విగ్రహం దొంగిలిస్తారు. పది కొత్త విగ్రహాల మధ్య పెట్టి, అదీ కొత్తదేనంటూ ఓడ ఎక్కిస్తారు.” చీఫ్ ఒక ప్యాకెట్ చింపి ఒక గింజను పైకెత్తి చూపించి మళ్లీ కుప్పలో పడేశాడు. “ఇప్పుడు వెతుకు.”

“కొత్త విగ్రహాల కుప్ప అంటే ఆళ్లగడ్డ.”

“కరెక్ట్. శిల్పి సంజీవయ్య. ఆర్కిడ్ ఆర్డర్లన్నీ ఆయన షెడ్డుకే. ఆ ముఠాలో మనకొక మనిషి ఉంది. కీర్తన. ముఠా నడిపే ఎక్స్‌పోర్ట్ కంపెనీ పనులన్నీ ఆమే చూస్తుంది. కోడ్‌నేమ్ నెమలి. కానీ మనిషి చెప్పింది మెషీన్‌తో సరిచూసుకోవాలని నా పాలసీ. సంజీవయ్య ఇంట్లో కొత్తగా వైర్‌లెస్ ప్రింటర్ కొన్నారు. దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కి కలపడానికి మెకానిక్ కోసం వెతుకుతున్నారు.”

“మెకానిక్ పేరు?”

“మహేశ్. మహేశ్ కంప్యూటర్స్, బస్టాండ్ ఎదురుగా. బోర్డు కూడా రాయించాం. రంగు ఇంకా ఆరలేదు, ఆనుకోవద్దు.”

“శిల్పి సంగతేంటి సార్?”

“దొంగసొత్తు ఎవరి షెడ్డులో దొరికితే వాడు దొంగ. లోపలేస్తాం.”

అజయ్ తలూపాడు. అతను నంద్యాలలోనే పుట్టాడు. తల్లి శాంతమ్మ సండే స్కూల్ టీచర్. పది ఆజ్ఞలూ కొడుకు చేత బట్టీ పట్టించింది. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది తొమ్మిదోది. కొడుకు నంబరూ తొమ్మిదే. డిపార్ట్‌మెంట్‌కు అంత హాస్యం లేదు, అది ఊరికే అలా కుదిరిందంతే. కానీ చర్చిలో ఆ ఆజ్ఞ చదివే ప్రతిసారీ ఏజెంట్ నైన్ బూట్ల వైపు చూసుకుంటాడు.

*

ఆళ్లగడ్డలో సంజీవయ్య ఇల్లు కనుక్కోవడానికి అడ్రస్ అక్కర్లేదు. ఉలి చప్పుడును పట్టుకుని పోతే చాలు. ముందు రేకుల షెడ్డు, దాని వెనక ఇల్లు. షెడ్డులో సగం చెక్కిన దేవుళ్లు ఎక్కడ పడితే అక్కడ వెల్లకిలా పడుకుని ఉన్నారు.

“ప్రింటర్ అబ్బాయివా? రాప్పా రా, నీకోసరమే చూస్తాండా!” అంటూ ఎదురొచ్చింది సంజీవయ్య భార్య రంగనాయకమ్మ. భర్త చూపు రాతిపొడికి మందగించింది. అందుకని యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ఈమెయిళ్లన్నీ ఆమే చూస్తోంది. గుడి కమిటీలు పంపిన బొమ్మలను ప్రింటు తీస్తే, సంజీవయ్య వాటిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి చెక్కుతాడు. దుమ్ముకు భయపడి కంప్యూటర్‌ను లోపలి గదిలో పెట్టారు. ప్రింటర్ మాత్రం షెడ్డు పక్క వరండాలో ఉండాలి. మధ్యలో వైరు లాగితే రాళ్లు దొర్లించినప్పుడల్లా తెగిపోతుంది. అందుకే వైర్‌లెస్.

కొత్త ప్రింటర్‌కు అప్పటికే పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. పేపర్ పెట్టే ట్రేలో ఒక నిమ్మకాయ ఉంది.

అజయ్ నిమ్మకాయ తీసి పక్కన పెట్టి పనిలోకి దిగాడు. ముందు వైరుతో కంప్యూటర్‌కు కలిపాడు. సీడీ వేసి డ్రైవర్ ఎక్కించాడు. మోడెంలో వైఫై ఆన్ చేశాడు. స్టూలు కనిపించకపోయేసరికి పక్కనున్న రాయి మీద కూర్చుని ప్రింటర్ బటన్లు నొక్కసాగాడు. కాసేపటికి కింద చెయ్యి తగిలితే అది రాయి కాదు, ఒక అమ్మవారి భుజం. ఎగిరి లేచాడు.

షెడ్డులో సంజీవయ్య పకపకా నవ్వాడు. “కూచోప్పా, ఏం కాదు. కండ్లు తెరవని రాయి అది. మేమూ దాని మీద కూచొనే సద్ది తింటాం.”

“కళ్లు తెరిస్తే?”

“తెరిసినాక అమ్మ. ఇంగ మా ఇంట్లో ఎవురూ పండబెట్టరు. నిలబెట్టే చూడాల, నిలబెట్టే బండిలో తోలాల. అందుకే కండ్లు గుడికి పోయినాకే తెరుస్తాం.”

అజయ్ మర్యాదకు తలూపాడు. అతని బుర్ర నిండా నెట్‌వర్క్ ఉంది. “అమ్మా, వైఫైకి పాస్‌వర్డ్ పెట్టాలి. మీకు మాత్రమే తెలిసిన మాట ఏదైనా చెప్పండి.”

రంగనాయకమ్మ అటూ ఇటూ చూసింది. దగ్గరికొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని అతని చెవిలో ఒక పేరు చెప్పింది. పుట్టిన పన్నెండో రోజే పోయిన కూతురికి పెట్టుకున్న పేరది. “ఎవురికీ చెప్పొద్దు నాయనా. ఆయనకు గూడా.”

ఏజెంట్ నైన్ ఆ పేరును ఒక్కొక్క అక్షరంగా ప్రింటర్‌లో కొట్టాడు. కొడుతున్నంతసేపూ తల ఎత్తలేదు. వైరు పీకేశాడు. లోపలి గది నుంచి రంగనాయకమ్మ మౌస్ నొక్కింది. వరండాలో ప్రింటర్ గుర్రుమని, రంగుల్లో ఒక నరసింహస్వామిని బయటికి తోసింది. “వచ్చినాడు సామి!” అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆమె మంచినీళ్లకు వెళ్లినప్పుడు అజయ్ ప్రింటర్ వెనక మూత తీసి, చొక్కా గుండీ అంత ఉన్న చిప్‌ను లోపల అంటించాడు. ఇకమీద ఈ ఇంట్లో ఏ కాగితం ప్రింటయినా దాని కాపీ నంద్యాలలో అతని షాపుకు వస్తుంది.

ఇంకో పని కూడా చేశాడు. సరిగ్గా చెప్పాలంటే చేయాల్సిన పని ఒకటి చేయలేదు. నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్‌కూ ఒక నంబరు ఉంటుంది, ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు. ప్రింటర్ నంబరు మారకుండా మోడెంలో కట్టేయాలి. కట్టకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోడెం దానికి కొత్త నంబరు ఇచ్చేస్తుంది. కంప్యూటర్ మాత్రం పాత నంబరు తలుపే కొడుతుంది. దాంతో స్క్రీన్ మీద ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని వస్తుంది. మే నెల ఆళ్లగడ్డలో కరెంటు పోవడానికేం కొదవ! ప్రింటర్ చెడాలి, వీళ్లు పిలవాలి, అతను లోపలికి రావాలి. అదీ ప్లాన్.

*

ప్లాన్ దివ్యంగా పనిచేసింది. అదే వచ్చిన గొడవ.

ప్రతి రెండు రోజులకూ ఫోన్. “మహేశా, మళ్లా ఆఫ్‌లైన్ అంటాంది. బేగా రాప్పా.” బస్సు దిగి వస్తే ముందు జొన్నరొట్టె, శనక్కాయల పొడి. తినకుండా ప్రింటర్‌ను ముట్టుకోనిచ్చేది కాదు. అతను తింటూ షెడ్డునంతా కళ్లతో గాలించేవాడు.

ఒకరోజు వచ్చేసరికి రంగనాయకమ్మ కంప్యూటర్‌కు దూరంగా పీట మీద కూర్చుని ఉంది. మౌస్ ఇప్పుడు చూపు ఆనని సంజీవయ్య చేతిలో ఉంది.

“నేను ముట్టుకుంటే చెడిపోతాంది నాయనా,” అంది ఆమె. “నా చెయ్యి మంచిది కాదు. నా చేతిలో ఏది నిలిచింది గనక! అంగట్లో గూడా అదే చెప్పినా, ఇంగ నేను ముట్టుకోనని.”

‘చెయ్యి మీది కాదమ్మా, నాది’ అని నోటి దాకా వచ్చింది. మింగేశాడు. మోడెంలో ఒక్క గీత దిద్దితే జన్మలో చెడదు. దిద్దలేదు. కొత్త నంబరును మాత్రం సరిచేసి, “లోపల దుమ్ము చేరిందమ్మా, అంతే” అన్నాడు. బస్సెక్కాక కూడా శనక్కాయల పొడి వాసన చేతిని వదల్లేదు. సబ్బుతో కడుక్కున్నాడు. సిగ్గు మాత్రం సబ్బుకు పోలేదు.

ఆ వారంలోనే చిప్ ఫలితమిచ్చింది. నంద్యాల షాపులో మెషీన్ గరగరమని ఒక ఫోటో కక్కింది. చిన్న రాతి అమ్మవారు, చేతిలో విల్లు. బాగుచేయాల్సిన పాత విగ్రహమంటూ కీర్తన కంపెనీ పంపిన బొమ్మ. అజయ్ దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. బయ్యన్న చూసి కాగితాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

“నా తల్లే! బతికుండాదా?”

“ఉంది బయ్యన్నా.”

అంటే విగ్రహం సంజీవయ్య దగ్గరే ఉంది. అంటే సంజీవయ్యకు తెలుసు. జొన్నరొట్టె పెట్టిన ఇంటికి బేడీలు ఖాయం. అజయ్ చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు. కొట్టాక చాలాసేపు ఫోన్‌ను బోర్లించి పెట్టుకున్నాడు.

జవాబు పొట్టిగా వచ్చింది. “లారీ ఎక్కేదాకా ఆగు. ముందే పోతే బొమ్మ దొరుకుతుంది, ముఠా దొరకదు. సీల్ వేసిన ఎక్స్‌పోర్ట్ సరుకు. ఒక్క పెట్టె తెరవడానికే పర్మిషన్. ఏ పెట్టె అన్నది నెమలి చెబుతుంది.”

*

నెమలి నంద్యాల బస్టాండ్‌లో కలిసింది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు షిఫాన్ చీర. ఆ ఎండలోనూ చుక్క చెమట లేదు. బస్టాండ్ మొత్తం ఆమెనే చూస్తోంది. గూఢచారి అంటే ఎవరి కంటా పడని మనిషని ఈమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

“తెల్లరాయి దొరుకుతుందా?” అజయ్ కోడ్ వర్డ్ వేశాడు.

“ఈ సీజన్‌లో నల్లరాయే.” జవాబు కరెక్ట్. ఆమె గొంతు తగ్గించింది. “రేపు పదకొండుకు లారీ. నాట్య గణపతి పెట్టె. విగ్రహం గణపతి వెనక గుల్లలో ఉంటుంది.”

“శిల్పి?”

“పక్కా దొంగ,” అని నవ్వి, తెల్ల కారెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నుంచి అజయ్ షాపులో మెషీన్ ముందు కాచుకుని కూర్చున్నాడు. ప్యాకింగ్ రోజు కదా, ఏదో ఒక కాగితం రాకపోదు. ఏమీ రాలేదు. చివరికి బస్సెక్కాడు.

ఆళ్లగడ్డలో లారీ లోడయి ఉంది. చిన్నాపెద్దా చెక్కపెట్టెలు, పైన టార్పాలిన్. కీర్తన కారు పక్కనే గొడుగు వేసుకుని నిలబడి ఉంది. సంజీవయ్య షెడ్డు మూలన తల వంచుకుని కూర్చున్నాడు. అజయ్ జేబులోంచి కార్డు తీశాడు.

“సెంట్రల్ ఇంటెలిజెన్స్. ఆ గణపతి పెట్టె దించండి.”

సంజీవయ్య తల ఎత్తి మసక కళ్లతో అతన్ని చూశాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

పెట్టె పగిలింది. గడ్డిలో వెల్లకిలా పడుకుని ఒక కాలెత్తి నాట్యమాడుతున్న గణపతి. కళ్లు ఇంకా తెరవలేదు. వెనక గుల్ల లేదు, గుట్టూ లేదు. నిండు రాయి.

“అయ్యో,” అంది కీర్తన. “ఇన్ఫర్మేషన్ ఒక్కోసారి తప్పవుతుంది. కంపెనీ లాయర్ మీ చీఫ్‌తో మాట్లాడతాడు. డ్రైవర్, బండి తియ్!”

ఆమె గొడుగు కింద నవ్వింది. ఆ నవ్వు చూశాక అజయ్‌కి అర్థమయింది. నెమలి రెండు చోట్లా మేస్తోంది. అర్థమై ఏం లాభం! ఒక్క పెట్టె పర్మిషన్ అయిపోయింది. లారీ ఇంజను మొదలైంది. చెన్నై ఓడరేవు చేరితే బయ్యన్న అమ్మ ఇక ఈ నేల తొక్కదు. కట్టు కట్టిన తలతో తలుపు వైపు చూస్తూ ఉంటాడు బయ్యన్న. ఏం చెప్పాలి అతనికి?

సరిగ్గా అప్పుడు ఇంటిలోంచి రంగనాయకమ్మ పరుగున వచ్చింది. లోపల పొయ్యి దగ్గర ఉన్న మనిషి, బయట జరిగింది ఆమెకు ఏమీ తెలియదు.

“మహేశా! బాగా వచ్చినావ్! పొద్దున్నుంచీ నీకు ఫోన్ చేస్తాండా, కలవల్యా. కరెంటు పోయొచ్చింది, మళ్లా ఆఫ్‌లైన్. లారీ కదుల్తాంది, ఒక్క కాగితం తీసియ్యి నాయనా, నీకు పుణ్యముంటాది!”

“ఇప్పుడు కాదమ్మా...”

“ఒక్కటే కాగితం! బాణం గుర్తు. పైకి చూపిచ్చే బాణం. పెట్టె పండబెట్టగూడదని తెల్సాల గదా వాళ్లకు. మా ఆయన తెల్లారినప్పట్నుంచీ ఒకటే పోరు, ఆ పెట్టెను నిలబెట్టే తోలాలని.”

అజయ్ అక్కడికక్కడే ఆగిపోయాడు.

పండబెట్టకూడని పెట్టె. ఈ ఇంట్లో కళ్లు తెరవని దేన్నయినా పండబెడతారు, దాని మీద కూర్చుని సద్ది తింటారు. పండబెట్టనిది ఒక్క కళ్లు తెరిచిన అమ్మనే.

ఆ బాణం పొద్దున్నే ప్రింటయి ఉంటే కాపీ నంద్యాలకు వచ్చేది, ఆ ముక్క అప్పుడే తెలిసేది. ప్రింటవ్వనివ్వనిది అతను వదిలేసిన తప్పే. ఎవరి గోతిలో ఎవరు పడ్డారో చూడండి!

“ఏ పెట్టె అమ్మా?”

“డ్రైవర్ ఎనకాల, మూలనుండేది.”

లారీ గేటు దాటుతోంది. ఏజెంట్ నైన్ పరుగెత్తి ముందుకు దూకి రెండు చేతులూ చాపాడు. బ్రేకు కీచుమంది. బంపర్ అతని చొక్కాను తాకి ఆగింది. పర్మిషన్ లేదు. పెట్టెలో అమ్మ లేకపోతే ఉద్యోగం లేదు. టార్పాలిన్ తాడు కోసి పైకెక్కి, గడ్డపారతో మూల పెట్టె పలక లేపాడు.

గడ్డి మధ్యన నిటారుగా చిన్న అమ్మవారు. ఒంటి నిండా కొత్త రాతిపొడి. చేతిలో విల్లు. కళ్లలో మైనం. గోటితో మెల్లగా తీశాడు. లోపల నుంచి పాత చూపు అతన్ని చూసింది.

“చేతులెత్తు, నైన్.” కింద కీర్తన గొడుగు పడేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి వచ్చిన పిస్టల్ లిప్‌స్టిక్ కన్నా కొంచెం పెద్దది. “పలక మూసెయ్. బండి పోవాలి.”

“పోదు తల్లీ,” అన్నాడెవరో ఆమె పక్క నుంచి.

సంజీవయ్య. చూపు ఆనకపోయినా గొంతు వచ్చిన దిక్కు తెలుసు. గుప్పెడు రాతిపొడి ఎత్తి ఆ నల్ల కళ్లద్దాల మీద కొట్టాడు. పిస్టల్ పేలింది, గుండు షెడ్డు రేకుకు తగిలింది. మరుక్షణం అజయ్ లారీ మీద నుంచి దూకి పిస్టల్ లాక్కున్నాడు. నెమలి దగ్గుతూ కూర్చుంది. ఇప్పుడు మాత్రం చెమట పట్టింది.

*

సింగపూర్‌లో ఆర్కిడ్ ముఠాను ఆ సాయంత్రానికే పట్టుకున్నారు. అది చీఫ్ పని. అజయ్ పని ఆళ్లగడ్డ వరండాలో మిగిలిపోయింది.

“నేనే మైనం పెట్టినా,” అన్నాడు సంజీవయ్య అడగకుండానే. “గుడోళ్లు బాగుచేయమన్న్యారని తెచ్చిరి. అనుమానమొచ్చి అడిగితే, నీ షెడ్డులో ఉండాది, జైలు నీకే అన్న్యారు. నోరు మూసుకున్న్యా. పండబెట్టేదానికి మాత్రం చేతులు రాలే. నన్ను తోలుకపోప్పా. తప్పు చేసినోన్నే.”

రంగనాయకమ్మ భర్తను చూడలేదు. అజయ్‌నే చూస్తోంది. “నువ్వు మహేశ్ గాదా?”

“కాదమ్మా. అజయ్ కుమార్.”

“ప్రింటర్?”

“నేనే చెడేటట్టు పెట్టినా. ప్రతిసారీ.”

“నా చెయ్యి మంచిది గాదని ఊరంతా చెప్పుకుంటిని గదప్పా.” ఆమె గొంతు పెరగలేదు. “నా బిడ్డ పేరు నీ చెవిలో చెప్పినా. మా ఆయనకు గూడా చెప్పనిది.”

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అజయ్ ప్రింటర్ మూత తీసి చిప్ పీకాడు. ల్యాప్‌టాప్‌లో మోడెం తెరిచి ప్రింటర్ నంబరును గట్టిగా కట్టేశాడు. చిన్న పని. మొదటి రోజే చేయాల్సింది. “ఇంక చెడదమ్మా,” అని మూసిన తలుపుతో చెప్పాడు. “మీ చెయ్యి మంచిదే.”

నంద్యాలలో చీఫ్ ఫోన్‌లో అడిగాడు. “శిల్పి సంగతి తేల్చు. పెట్టెను నిలబెట్టింది మనకు సిగ్నల్ ఇవ్వడానికేనా?”

తొమ్మిదో ఆజ్ఞ గుర్తొచ్చింది. అమ్మ శాంతమ్మ గుర్తొచ్చింది. చేతికి ఇంకా శనక్కాయల పొడి వాసనే వస్తోంది.

“అవును సార్. సిగ్నలే. ఆయన మన సాక్షి.”

ఆ వేసవిలో అతను చెప్పిన అబద్ధాలలో బూట్ల వైపు చూసుకోకుండా చెప్పింది అదొక్కటే.

బయ్యన్న కట్టు విప్పించుకుని, అమ్మను తన చేతులతో నిలబెట్టుకుని జీపులో అడవికి తీసుకుపోయాడు. వెళ్తూ అజయ్‌కి దండం పెట్టాడు. ఆ దండానికి తాను తగననుకున్నాడు ఏజెంట్ నైన్. మహేశ్ కంప్యూటర్స్ బోర్డు విప్పేందుకు స్టూలు ఎక్కాడు. అప్పుడు ఫోన్ మోగింది.

“ప్రింటర్ చెడిపోయిందప్పా.” రంగనాయకమ్మ గొంతు. ముక్తసరిగా.

చెడే వీలే లేదు. “ఆఫ్‌లైన్ అంటోందామ్మా?”

“లేదప్పా.”

“మరి స్క్రీన్ మీద ఏం వస్తాంది?”

అవతల ఆమె వెనక ఉలి చప్పుడు వినిపిస్తోంది. “ఏమో నాకేం తెల్సు! రొట్టెలు చల్లారిపోతాండాయని వస్తాంది. బేగా రా, అజయా.”

ప్రపంచంలో ఏ కంపెనీ ప్రింటరూ అలాంటి మెసేజ్ చూపించదు. ఏజెంట్ నైన్ స్టూలు దిగి, స్క్రూడ్రైవర్ షాపులోనే వదిలేసి, ఆళ్లగడ్డ బస్సెక్కాడు.